ఆసుపత్రి డేటాతో పని: కొత్తగా చేరిన డేటా ఇంజినీర్లకు మార్గదర్శిక

హైదరాబాద్‌లో డేటా ఇంజినీరింగ్ నేర్చుకోవడానికి కొదవ లేదు. అమీర్‌పేటలో ఏ భవనం మెట్లెక్కినా స్పార్క్, ఎయిర్‌ఫ్లో, స్నోఫ్లేక్ వంటి డేటా పనిముట్లు నేర్పుతామనే బోర్డు కనిపిస్తుంది. ఇంటర్వ్యూల్లోనూ వాటి మీదే ప్రశ్నలు వస్తాయి. అయితే ఆరోగ్య రంగంలో ఉద్యోగం దొరికి, అసలు డేటా ముందు మొదటిసారి కూర్చున్నప్పుడు తల పట్టుకునేలా చేసేవి వేరే ఉంటాయి. ఒకే రోగికి మూడు పుట్టిన తేదీలు ఎందుకున్నాయో, డిశ్చార్జి అయిన మూడో రోజున ల్యాబ్ ఫలితం ఎలా వచ్చిందో, ఒకే బిల్లు ముందు కూడికగా, తర్వాత తీసివేతగా, మళ్లీ కూడికగా ఎందుకు కనబడుతోందో అంతుపట్టదు. వీటికి జవాబు కోడ్‌లో దొరకదు. ఆ రికార్డు పుట్టిన చోట, అంటే రిజిస్ట్రేషన్ కౌంటర్‌లోనో, ల్యాబ్‌లోనో, బిల్లింగ్ విభాగంలోనో దొరుకుతుంది. అందుకే ఇక్కడ పనిముట్ల గురించి తక్కువగా, రికార్డుల పుట్టుక గురించి ఎక్కువగా చెబుతున్నాను.

మీ చేతికొచ్చేది ఏ రకం డేటా?

నగరంలో ఈ రంగపు ఉద్యోగాలు స్థూలంగా మూడు చోట్ల ఉన్నాయి. అమెరికా బీమా సంస్థలకూ ఆసుపత్రి వ్యవస్థలకూ ఇక్కడి నుంచి పనిచేసే ఆప్టమ్, ప్రావిడెన్స్ వంటి కేంద్రాలు ఒకటి. నోవార్టిస్, సనోఫీ, ఆమ్‌జెన్ వంటి ఔషధ కంపెనీల కేంద్రాలు రెండోది. స్థానిక ఆసుపత్రులు, డయాగ్నొస్టిక్ సెంటర్లు, హెల్త్‌టెక్ స్టార్టప్‌లు, ప్రభుత్వ ఆరోగ్య పథకాలకు సాంకేతిక సేవలందించే సంస్థలు మూడోది. ప్రకటనలో అందరూ ‘హెల్త్‌కేర్ డేటా ఇంజినీర్’ అనే రాస్తారు గానీ, లోపలి పని మాత్రం దేనికదే వేరు.

బీమా వైపు ప్రధానంగా వచ్చేవి క్లెయిములు. క్లెయిము డబ్బు రాబట్టుకోవడానికి పుట్టిన పత్రం కాబట్టి, వైద్యం గురించి అది డబ్బుకు అవసరమైనంత మేరకే చెబుతుంది. ఆసుపత్రి వైపు వచ్చే ఎలక్ట్రానిక్ వైద్య రికార్డుల్లో వివరం ఎక్కువ, క్రమం తక్కువ. ఔషధ కంపెనీల్లో క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పనిచేయాల్సి వస్తే, ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారన్న జాడ ఉండి తీరాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎలక్ట్రానిక్ రికార్డులపై పెట్టిన నిబంధన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 పరిధిలోకి వచ్చే వ్యవస్థల్లో చిన్న ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) మార్పుకైనా పరీక్షించిన ఆధారాలు, ఆమోదాలు జతచేయాల్సి ఉంటుంది. పొద్దున రాసిన కోడ్‌ను సాయంత్రానికి ప్రొడక్షన్‌లో పెట్టే అలవాటున్నవారికి ఇది మొదట్లో ఊపిరాడనట్టు ఉంటుంది. ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు, ‘నాకు వచ్చేది క్లెయిములా, వైద్య రికార్డులా, ట్రయల్ డేటానా? అది ఏ సోర్స్ సిస్టమ్ నుంచి వస్తుంది?’ అని అడగండి. ఉద్యోగంలో చేరేలోగా ఏం చదువుకోవాలో ఆ జవాబుతోనే తేలిపోతుంది.

పనిముట్ల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే, ఎస్‌క్యూఎల్ గట్టిగా, పైథాన్ ఫరవాలేదనిపించేలా, ఏదైనా ఒక క్లౌడ్, ఒక షెడ్యూలర్, గిట్ వస్తే మొదటి ఏడాదికి సరిపోతుంది. ఎస్‌క్యూఎల్‌లో విండో ఫంక్షన్లకు (ఒక వరుసను దాని ముందు వెనుక వరుసలతో పోల్చే ఆదేశాలకు) ఇక్కడ పని ఎక్కువ. ‘ఈ రోగికి చివరిగా ఖరారైన ఫలితం ఏది’, ‘డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపు మళ్లీ చేరినవారెవరు’ వంటి ప్రశ్నలు రోజూ వస్తాయి.

ఒక ల్యాబ్ ఫలితం పుట్టుక

పరగడుపున షుగర్ పరీక్షకు వచ్చిన రోగిని తీసుకుందాం. కౌంటర్‌లో యూహెచ్‌ఐడీ (ఆసుపత్రి రోగికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) అడుగుతారు, లేకపోతే కొత్తది సృష్టిస్తారు, బిల్లు వేస్తారు. బిల్లు పడగానే ల్యాబ్ సిస్టమ్‌లో ఆర్డరు తయారవుతుంది. రక్తం తీసి, ట్యూబుకు బార్‌కోడ్ అంటించి స్కాన్ చేస్తే అది సేకరణ సమయం. ట్యూబు ల్యాబ్‌కు చేరినప్పుడు మళ్లీ స్కాన్ చేస్తే అది స్వీకరణ సమయం. యంత్రం విలువ ఇచ్చినది మూడో సమయం, ల్యాబ్ డాక్టరు చూసి ఆమోదించినది నాలుగో సమయం. మీ టేబుల్‌లో ‘రిజల్ట్ డేట్’ అనే కాలమ్ ఒక్కటే ఉంటే, అది ఈ నాలుగింటిలో ఏదో పేరు చూసి చెప్పలేం. రోగి పరిస్థితి తెలియాలంటే సేకరణ సమయం కావాలి. ల్యాబ్ ఎంత వేగంగా పనిచేస్తోందో తెలియాలంటే మొదటి, చివరి సమయాల మధ్య తేడా కావాలి. కాబట్టి చేరిన మొదటి వారంలోనే సోర్స్ సిస్టమ్ తెలిసినవారితో కూర్చుని, ఏ కాలమ్ ఏ చర్యతో నిండుతుందో కాగితం మీద గీసుకోవడం మంచిది. నగరంలోనే ఉన్న ఆసుపత్రికి పనిచేస్తుంటే, అనుమతి తీసుకుని ఒక ఉదయం శాంపిల్ కలెక్షన్ దగ్గర నిలబడి చూస్తే, డేటా డిక్షనరీలో లేని విషయాలు బోధపడతాయి. వార్డులో తెల్లవారుజామున తీసిన ట్యూబులన్నింటినీ ఒకచోట చేర్చి ఒకేసారి స్కాన్ చేసే అలవాటు ఉన్నచోట, ఆ వార్డు రోగులందరి సేకరణ సమయం ఒకే నిమిషంగా నమోదవుతుంది. డాష్‌బోర్డులో అది వింతగా కనిపిస్తుంది, వార్డులో చూసినవారికి మాత్రం కనిపించదు.

డిశ్చార్జి తర్వాత వచ్చే ఫలితాల రహస్యం కూడా ఇక్కడే ఉంది. కల్చర్ పరీక్షల్లో సూక్ష్మజీవి పెరగడానికి రెండు మూడు రోజులు పడుతుంది గనుక, రోగి ఇంటికి వెళ్లాక ఫలితం ఆమోదం పొందడం సహజం. ‘డిశ్చార్జి తేదీ దాటిన ఫలితాలు చెల్లవు’ అని ఉత్సాహంగా ఒక నిబంధన పెట్టారంటే, ఆసుపత్రిలో సోకిన ఇన్ఫెక్షన్ల లెక్క ఎవరికీ తెలియకుండా తగ్గిపోతుంది.

ఇక విలువ. ఫలితం కాలమ్‌లో 126 వంటి అంకెలతో పాటు ‘<0.01’, ‘నెగటివ్’, ‘ట్రేస్’, ‘శాంపిల్ హీమోలైజ్డ్’ (రక్తకణాలు పగిలి శాంపిల్ పాడైంది) అనేవి కూడా ఉంటాయి. కాలమ్ మొత్తాన్ని సంఖ్యగా మార్చే ఆదేశం ఇస్తే ఇవన్నీ నల్ (ఖాళీ విలువ) అయిపోతాయి, డేటాను చేరవేసే పైప్‌లైన్ మాత్రం తప్పేమీ లేనట్టు పచ్చగానే కనిపిస్తుంది. గుండెపోటు అనుమానంతో చేసే ట్రోపోనిన్ పరీక్షలో ‘<0.01’ అంటే కొలవగలిగినంత ట్రోపోనిన్ లేదని అర్థం. అది డాక్టరుకు కావలసిన జవాబే. దాన్ని నల్ చేసి తర్వాత సగటు తీస్తే, మిగిలేవి ఎక్కువ విలువలే కాబట్టి సగటు పైకి ఎగబాకుతుంది. దీనికి మార్గం ఏమిటంటే, సోర్సు నుంచి వచ్చిన పాఠాన్ని ఉన్నదున్నట్టు ఒక కాలమ్‌లో ఉంచి, దాని పక్కన పోలిక గుర్తు, సంఖ్య, యూనిట్, ఫలితం రాకపోవడానికి కారణం అనే కాలమ్‌లను విడిగా తయారుచేయాలి. పరీక్ష చేయకపోవడం, చేసినా చెడిపోవడం, చేసి ఏమీ కనబడకపోవడం మూడు వేర్వేరు సంగతులు.

యూనిట్ లేని సంఖ్యను ఎప్పుడూ ముందుకు పంపవద్దు. గ్లూకోజు మన దగ్గరా అమెరికాలోనూ మిల్లీగ్రాము పర్ డెసిలీటరులో, బ్రిటన్ వంటి దేశాల్లో మిల్లీమోల్ పర్ లీటరులో వస్తుంది. మొదటిదాన్ని 18తో భాగిస్తే రెండోది వస్తుంది గనుక 126 అన్నా 7.0 అన్నా ఒకటే. క్రియాటినిన్‌కైతే 88.4తో గుణించి మైక్రోమోల్ పర్ లీటరులోకి మార్చాలి. గుణకం ప్రతి పరీక్షకూ మారుతుంది కాబట్టి, దాన్ని కోడ్‌లో అక్కడక్కడా రాయకుండా ఒక టేబుల్‌లో పెట్టి, ల్యాబ్ నిపుణుల చేత సరిచూపించాలి. అలాగే ఆసుపత్రి సిస్టమ్‌లు ఒకదానికొకటి పంపుకొనే హెచ్‌ఎల్7 రెండో వెర్షన్ సందేశాల్లో ప్రతి ఫలితానికీ ఓబీఎక్స్ అనే వరుస ఉంటుంది. అందులో 11వ గడి ఆ ఫలితం స్థితిని చెబుతుంది. పీ అంటే తాత్కాలికం, ఎఫ్ అంటే ఖరారు, సీ అంటే ఖరారైన తర్వాత సవరించినది. ఈ గడిని చదవకుండా ‘మొదట వచ్చినదే నిజం’ అనుకుంటే సవరణలు పోతాయి, ‘వచ్చినవన్నీ వేర్వేరు’ అనుకుంటే ఒకే పరీక్షను మూడుసార్లు లెక్కిస్తారు.

రోగి ఎవరో తేల్చడం

ఈ రంగంలో అన్నింటికంటే కష్టమైన పని ఏదని అడిగితే ఇదే చెబుతాను. పుస్తకాల్లో దీనికి చెప్పే పద్ధతులు మొదటి పేరు, చివరి పేరు, పుట్టిన తేదీ, జిప్ కోడ్ అనే పాశ్చాత్య లెక్కలో ఉంటాయి. మన రోగుల పేర్లు ఆ గడుల్లో ఇమడవు. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఇంకో కార్డులో వెనుక, మూడోదానిలో ఒక్క అక్షరంగా ఉంటుంది. లక్ష్మి పేరును ఇంగ్లిషులో ఒక కౌంటర్‌లో కేఎస్‌హెచ్‌తో, మరో కౌంటర్‌లో ఎక్స్‌తో కొడతారు. పాతబస్తీ నుంచి వచ్చిన రోగి పేరులోని మహ్మద్ ఒకసారి పూర్తిగా, ఒకసారి ఎండీ అని నమోదవుతుంది. పేర్లను శుభ్రపరిచే రెడీమేడ్ లైబ్రరీని తెచ్చిపెడితే, అది ఆ ఎండీని డాక్టరు డిగ్రీ అనుకుని కత్తిరించేసే ప్రమాదం ఉంది.

పుట్టిన తేదీ మీద కూడా ఎక్కువ భారం వేయకూడదు. చాలామంది పెద్దవారు కౌంటర్‌లో ‘అరవై ఉంటాయి బాబూ’ అని వయసే చెబుతారు. సాఫ్ట్‌వేర్ తేదీ లేనిదే ముందుకు కదలదు కాబట్టి, జనవరి 1 వేయడమో, ఆ రోజు తేదీలోంచి అరవై ఏళ్లు తీసేయడమో జరుగుతుంది. కొత్త డేటా చేతికి రాగానే పుట్టిన తేదీలను రోజు, నెలల వారీగా లెక్కపెట్టి చూడండి. జనవరి 1 మీద కొండంత గుట్ట కనిపిస్తే కారణం ఇదే. పుట్టిన రోజూ మొదటి రిజిస్ట్రేషన్ రోజూ ఒకటే అయినవారెందరో కూడా చూడండి. ఫోన్ నంబరు కుటుంబానిది. అత్తగారి రికార్డులో, కోడలి రికార్డులో, మనవడి రికార్డులో ఒకే నంబరు, తరచుగా ఆ ఇంటి కొడుకుది, ఉంటుంది. అప్పుడే పుట్టిన శిశువుకు పేరుండదు కాబట్టి ‘బేబీ ఆఫ్ లక్ష్మి’ అని రాస్తారు. కవలలైతే దానికి ఒకటి, రెండు చేరతాయి. నెల తర్వాత టీకాకు వచ్చినప్పుడు అసలు పేరుతో కొత్త యూహెచ్‌ఐడీ పుడుతుంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్య (ఆరోగ్య గుర్తింపు సంఖ్య) ఉన్నచోట పని తేలికవుతుంది గానీ, అది స్వచ్ఛందం కాబట్టి ప్రతి రికార్డులోనూ ఉంటుందని ఆశించకూడదు.

ఇన్ని చిక్కుల మధ్య పాటించదగిన నియమం ఒకటుంది. ఒకే రోగిని ఇద్దరిగా చూపితే లెక్క తప్పుతుంది. ఇద్దరిని కలిపి ఒకరిగా చూపితే ఒకరి బ్లడ్ గ్రూపు, ఒకరికి పడని మందు ఇంకొకరి రికార్డులోకి వెళ్తాయి. రెండో తప్పు ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి సందేహమున్న జంటలను యంత్రం చేత కలిపించకుండా, మనిషి చూసి తేల్చే జాబితాలో పెట్టాలి. కలిపినప్పుడు కూడా పాత గుర్తింపు సంఖ్యను చెరిపేయకుండా, ఏ సంఖ్య ఏ తేదీ నుంచి ఏ సంఖ్యగా చలామణి అవుతోందో చెప్పే అనుసంధాన టేబుల్‌ను విడిగా నిలపాలి. సోర్సు నుంచి ఏడీటీ ఏ40 అనే విలీన సందేశం వస్తే ఆ టేబుల్‌లోకి చేర్చాలి. కలిపినవారిని తిరిగి విడదీయమని ఏదో ఒక రోజు ఫోను తప్పక వస్తుంది.

చిరునామా గురించి ఒక మాట చెప్పి ముందుకు సాగుతాను. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇవేమీ పట్టించుకోకుండా పదేళ్ల డేటాతో గ్రాఫు గీస్తే, రంగారెడ్డి జిల్లాలో రోగులు 2016 చివర హఠాత్తుగా తగ్గినట్టు కనిపిస్తారు. నిజానికి వికారాబాద్, మేడ్చల్ వైపు వారు కొత్త జిల్లాల పేరు మీదికి మారారు. జిల్లా పేరుకు బదులు మండలాన్నో, పిన్‌కోడ్‌నో ఆధారం చేసుకుని, జిల్లాను తేదీతో ముడిపడిన టేబుల్ నుంచి తెచ్చుకోవడం మేలు.

కోడ్లు, క్లెయిములు

రోగ నిర్ధారణకు ఐసీడీ-10, ల్యాబ్ పరీక్షలకు లోయింక్, వైద్య పదజాలానికి స్నోమెడ్ సీటీ అనే కోడ్ల జాబితాలు వాడుతారు. వీటిని బట్టీ పట్టనక్కర లేదు. రోజూ కనిపించేవి వాటంతటవే గుర్తుంటాయి. ఈ11.9 అంటే ఉపద్రవాలు లేని టైప్ 2 మధుమేహం, ఐ10 అంటే అధిక రక్తపోటు. గుర్తుంచుకోవలసిందల్లా, కోడ్ ఒక కాలానికి, ఒక దేశానికి చెందినదని. అమెరికా 2015 అక్టోబరు 1న ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కి మారింది గనుక, ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న డేటాను ఒకే కోడ్ జాబితాతో వెతికితే సగం దొరకదు. కోడ్లన్నింటినీ అక్షరాలుగానే నిల్వచేయాలి. మందులకు వాడే ఎన్‌డీసీ సంఖ్యను ఎవరో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఎఫ్‌డీఏ ఇచ్చేది 10 అంకెలు, బిల్లింగ్‌లో వాడేది 11 అంకెలు కాబట్టి, పోయిన సున్నా ఏ చోటిదో తర్వాత కనిపెట్టడం తలనొప్పి.

క్లెయిములో కోడ్ ఉందంటే రోగికి ఆ జబ్బు ఉందని అనుకోవద్దు. మధుమేహం ఉందేమోనని పరీక్ష చేయించినప్పుడు కూడా ఆ బిల్లు మీద మధుమేహపు కోడ్ పడిపోతుంటుంది. అందుకే విశ్లేషకులు తరచుగా, ఒక ఇన్‌పేషెంట్ క్లెయిము గానీ, వేర్వేరు తేదీల్లో రెండు ఔట్‌పేషెంట్ క్లెయిములు గానీ ఉంటేనే ఆ జబ్బు ఉన్నట్టు లెక్కిస్తారు. ఏ నిర్వచనం వాడాలన్నది ఇంజినీరు ఒక్కడే తేల్చుకునే విషయం కాదు. నిర్వచనాన్ని రాతపూర్వకంగా తీసుకుని, కోడ్‌లో దాని వెర్షన్ కనిపించేలా పెట్టాలి. ఈ విషయంలో హైదరాబాద్‌కు ఒక అనుకూలత ఉంది. ఇక్కడ మెడికల్ కోడర్లు (వైద్య రికార్డులు చదివి ఈ కోడ్లు వేసేవారు) చాలామంది ఉన్నారు, బహుశా మీ కంపెనీలోనే పక్క అంతస్తులో కూర్చుని ఉంటారు. ఒక కోడర్‌తో టీ తాగుతూ అడిగిన ప్రశ్న, ఈమెయిల్‌లో వారం తిరిగే ప్రశ్న కంటే ముందు తేలుతుంది.

అమెరికా క్లెయిముల్లో 837 అనే ఫైలు ఆసుపత్రి అడిగినదాన్ని, 835 అనే ఫైలు బీమా సంస్థ చెల్లించినదాన్ని మోసుకొస్తాయి. ఒక క్లెయిము మొదటిసారి 1 అనే గుర్తుతో, దాన్ని మార్చి పంపితే 7తో, పూర్తిగా రద్దు చేస్తే 8తో వస్తుంది. మొదట్లో ప్రస్తావించిన కూడికలు, తీసివేతలు ఈ మార్పుల వల్ల పుట్టేవే. తీసివేతలను తప్పులనుకుని వడపోస్తే ఖర్చు రెట్టింపవుతుంది. చికిత్స జరిగిన నెలకూ క్లెయిము పరిష్కారమైన నెలకూ మధ్య నెలలు గడుస్తాయి కాబట్టి, గత నెల ఖర్చు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. ‘ఖర్చు తగ్గింది’ అని మేనేజరు సంబరపడేలోపే ఆ నెలలు ఇంకా నిండలేదన్న సూచన రిపోర్టు మీద ఉండేలా చూడండి. మన ఆరోగ్యశ్రీ తరహా పథకాల్లో లెక్క ప్యాకేజీల వారీగా, ముందస్తు అనుమతితో నడుస్తుంది. అక్కడ అనుమతి పొందిన చికిత్సల సంఖ్య, జరిగిన చికిత్సల సంఖ్య, చెల్లింపు పొందినవాటి సంఖ్య మూడూ వేరుగా ఉంటాయి; రిపోర్టు అడిగినవారికి ఏది కావాలో ముందే అడిగి తెలుసుకోవాలి.

గోప్యత: చట్టం కంటే ముందు అలవాట్లు

అమెరికా డేటాకు 1996 నాటి హిపా చట్టం వర్తిస్తుంది. రోగి ఎవరో తెలియకుండా చేసే దాని సేఫ్ హార్బర్ పద్ధతిలో 18 రకాల గుర్తింపు వివరాలు తీసేయాలి. పేరు, ఫోను మాత్రమే కాకుండా, సంవత్సరం మినహా రోగికి సంబంధించిన తేదీలన్నీ ఆ జాబితాలోకి వస్తాయి. 89 దాటిన వయసులను 90, ఆపై వయసువారు అనే ఒకే గుంపులో వేయాలి. పేరు తీసేశాం కాబట్టి గోప్యత తీరిపోయిందనుకునేవారు సీనియర్లలో కూడా ఉంటారు. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయి దశలవారీగా అమలవుతున్నాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల మెడికెయిడ్ (పేదల ఆరోగ్య బీమా) ఒప్పందాలు డేటాను ఆ దేశం దాటనివ్వవు. ‘ఆ టేబుల్ నాకెందుకు తెరుచుకోవడం లేదు’ అని టికెట్ పెట్టే ముందు, అది మీకు తెరుచుకోకూడనిదేమో కనుక్కోండి.

నిజానికి డేటా బయటికి పోయేది పెద్ద దాడుల్లో ఒక్కటే కాదు, చిన్న అలవాట్లలో కూడా పోతుంది. ఎర్రర్ వచ్చిన స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో స్నేహితుణ్ని అడగడం, రికార్డును యథాతథంగా ఏఐ చాట్‌బాట్‌లో అతికించి సాయం కోరడం, పరీక్ష కోసం ఎక్సెల్‌లోకి దింపిన పది వరుసలు ల్యాప్‌టాప్‌లో ఉండిపోవడం అలాంటివే. వీటికంటే కనబడనిది లాగ్ ఫైలు. పైప్‌లైన్ విఫలమైనప్పుడు చెడిన వరుస మొత్తాన్ని లాగ్‌లో ముద్రించే కోడ్ రాస్తే, డేటాబేస్‌కు ఎన్ని తాళాలు వేసినా రోగి పేరు, జబ్బు కలిసి అలర్ట్ ఈమెయిల్‌లో జట్టు మొత్తానికీ వెళ్తాయి. లాగ్‌లో వరుస సంఖ్య, ఫైలు పేరు, ఏ నిబంధన తప్పిందన్నది ఉంటే చాలు; ఫైలు పేరులో కూడా రోగి సంఖ్య లేకుండా చూడాలి.

పైప్‌లైన్ నిర్మాణంలో పట్టించుకోవలసినవి

వచ్చిన ఫైలును వచ్చినట్టే, మార్చకుండా భద్రపరచండి. ఆరు నెలల తర్వాత నిర్వచనం మారినప్పుడు మొదటి నుంచి మళ్లీ నడపగలిగేది అది ఉంటేనే. ఒకే ఫైలు రెండుసార్లు వచ్చినా ఫలితం మారకుండా ఉండాలి. ఆసుపత్రుల వైపు ‘నిన్న సగమే వెళ్లింది, మళ్లీ పంపుతున్నాం’ అనే కబురు మామూలే.

అనుమానాస్పద రికార్డులను తొలగించకుండా గుర్తుపెట్టి పక్కన ఉంచడం మంచి పద్ధతి. చేరిక కంటే ముందున్న డిశ్చార్జి, పురుషుడికి ప్రసూతి, నూట ఇరవై దాటిన వయసు వంటివి పరీక్షించవలసినవే. అయితే మరణించిన తర్వాత వచ్చిన రికార్డులన్నీ తప్పులు కావు. చివరి బిల్లులు, పోస్ట్‌మార్టం, అవయవ దానానికి సంబంధించిన చర్యలు మరణ తేదీ తర్వాతే నమోదవుతాయి. పక్కన పెట్టిన రికార్డులను వారానికోసారి ఎవరు చూస్తారో పేరుతో సహా నిర్ణయించకపోతే, ఆ టేబుల్ ఎవరూ తెరవని గది అయిపోతుంది.

సమయాల విషయంలో అమెరికా పని చేసేవారికి ఒక ప్రత్యేక తిప్పలుంది. అక్కడి తూర్పు తీరంలో రాత్రి 2 గంటలకు నడిచే బ్యాచ్ మనకు వేసవిలో ఉదయం 11:30కి, చలికాలంలో మధ్యాహ్నం 12:30కి నడుస్తుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ రాత్రి 1:50కి ఎమర్జెన్సీకి వచ్చిన రోగిని ఇరవై నిమిషాల తర్వాత వార్డుకు మారిస్తే 1:10 అని నమోదవుతుంది, అంటే వేచి ఉన్న సమయం మైనస్ 40 నిమిషాలు. స్థానిక సమయంతో పాటు యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక) సమయాన్ని కూడా నిల్వచేస్తే ఈ బెడద ఉండదు. సోర్సు యూటీసీ ఇవ్వకపోతే, ఆ ఒక్క గంటకు సంబంధించిన రికార్డులకు గుర్తు పెట్టడం కంటే చేయగలిగింది లేదు.

ఎఫ్‌హెచ్‌ఐఆర్ గురించి చాలామంది అడుగుతారు. ఇది ఆరోగ్య డేటాను ఇచ్చిపుచ్చుకోవడానికి వచ్చిన కొత్త ప్రమాణం, తరచుగా జేసన్ రూపంలో వస్తుంది, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా దీన్నే ఎంచుకుంది కాబట్టి నేర్చుకోవలసిందే. అయితే ఆసుపత్రుల లోపల ఇప్పటికీ నిలువు గీతలతో విడదీసిన హెచ్‌ఎల్7 రెండో వెర్షన్ సందేశాలే ఎక్కువగా తిరుగుతుంటాయి. ముందు వాటిని కంటితో చదవగలగాలి. ఎఫ్‌హెచ్‌ఐఆర్ ఆ తర్వాత సులువుగానే వస్తుంది.

ఉద్యోగం కోసం చూస్తున్నవారు చేయదగిన ప్రాజెక్టు

నిజమైన రోగుల డేటా బయట దొరకదు, దొరికినా వాడకూడదు. మైటర్ సంస్థ తయారుచేసిన సింథియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కల్పిత రోగుల పూర్తి చరిత్రలను ఎఫ్‌హెచ్‌ఐఆర్, సీఎస్‌వీ రూపాల్లో సృష్టిస్తుంది. మామూలు ల్యాప్‌టాప్‌లో వెయ్యి మందిని సృష్టించుకుని, ఆ డేటాను పరిశోధకులు వాడే ఓమాప్ అనే ఉమ్మడి టేబుళ్ల నమూనాలోకి మార్చండి: రోగులు ఒక టేబుల్‌లోకి, సందర్శనలు ఒకదానిలోకి, కొలతలు ఒకదానిలోకి. కోడ్లకు ఓమాప్ గుర్తింపు సంఖ్య దొరకనప్పుడు సున్నా వేయాలి, రికార్డును వదిలేయకూడదు.

సింథియా డేటాకు ఒక లోపం ఉంది: మరీ శుభ్రంగా ఉంటుంది. కాబట్టి దాన్ని మీరే పాడుచేయండి. కొందరి పేర్లలో ఇంటిపేరు ముందుకు జరపండి, కొందరి పుట్టిన తేదీలను జనవరి 1 చేయండి, కొన్ని గ్లూకోజు విలువలను మిల్లీమోల్‌లోకి మార్చి యూనిట్ తీసేయండి, కొన్ని ఫలితాలకు మూడు రోజుల తర్వాత సవరణలు పంపండి, ఒక ఫైలును రెండుసార్లు దింపండి. ఆ తర్వాత మీ పైప్‌లైన్ వీటిలో ఎన్నింటిని పట్టుకుందో, ఎన్నింటిని వదిలేసిందో పట్టిక వేయండి. పాడుచేసింది మీరే కాబట్టి సరైన జవాబు మీ దగ్గర ఉంటుంది. గిట్‌హబ్‌లో ఆ ప్రాజెక్టు మొదటి పేజీలో టెక్నాలజీల లోగోలు వరుసగా పెట్టడం మాని, ఈ పట్టికను పెట్టండి. దాని కింద సోర్సులోకి వచ్చిన వరుసల సంఖ్య, ఓమాప్‌లోకి చేరినవి, పక్కన పెట్టినవి, రెండోసారి వచ్చి వదిలేసినవి రాసి, చివరి మూడూ కూడితే మొదటిది వస్తుందని చూపండి. ‘ఈ లెక్క సరైనదని మీకెలా తెలుసు?’ అని ఇంటర్వ్యూ చేసేవారు అడిగినప్పుడు ఆ పేజీ తెరిచి, పట్టుకోలేకపోయిన తప్పుల దగ్గర నుంచి వివరించడం మొదలుపెట్టండి.